పాత కారు పొల్యూషన్ టెస్టులో ఎందుకు తప్పుతుంది? రిపోర్టులోని అంకెలు చెప్పే సంగతి

పొల్యూషన్ టెస్టులో కారు ఫెయిలైతే చేతికి ఒక కాగితం వస్తుంది. అందులో నాలుగైదు అంకెలు, కింద ఫెయిల్ అని ఒక మాట. మనలో చాలామంది ఆ మాట ఒక్కటే చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాం. ఆ తర్వాత సలహాలు మొదలవుతాయి. ప్లగ్గులు మార్చమని ఒకరు, ట్యాంకులో ఫలానా మందు పొయ్యమని ఇంకొకరు, పొగని శుభ్రం చేసే కన్వర్టర్ పోయిందని మరొకరు. వీటిలో ప్రతి సలహా ఏదో ఒక బండి విషయంలో నిజమే. మన బండికి ఏది వర్తిస్తుందో తేల్చేది మాత్రం మడిచి పెట్టిన ఆ కాగితమే.

నా పాత కార్బ్యురేటర్ కారుతో నేను ఈ పాఠం నేర్చుకున్నాను. హైడ్రోకార్బన్లు ఎక్కువని ఫెయిలైంది. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, మళ్ళీ ఫెయిల్. ప్లగ్ వైర్లు మార్చాడు, మళ్ళీ ఫెయిల్. రెండుసార్లూ కొత్త సామాన్లు వేశాడే తప్ప రిపోర్టు చూడలేదు. నేనూ చూడమనలేదు. అసలు కారణం ఏమిటో కిందికి వెళ్ళాక చెబుతాను, ఎందుకంటే అది మొదటి రిపోర్టులోనే రాసి ఉంది.

పెట్రోలుకి ఎంత గాలి కావాలి

పెట్రోలులో ఉండేది ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్. అది పూర్తిగా కాలితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. చలి ఉదయం బండి స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ గొట్టం చివర నీటి బొట్లు కారడం చూసే ఉంటారు. అది రోగం కాదు, పెట్రోలు కాలిందనడానికి గుర్తు.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కావలసిన గాలితో నిజంగా అందిన గాలిని పోల్చి చెప్పే అంకె పేరు లాంబ్డా. కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలీ అందితే లాంబ్డా 1. అందింది 13.7 కిలోలే అయితే 13.7ని 14.7తో భాగించాలి, 0.93 వస్తుంది. గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. దీన్నే మిక్చర్ రిచ్‌గా ఉంది అంటారు. 15.9 కిలోల గాలి అందితే లాంబ్డా 1.08. అది లీన్ మిక్చర్.

ఇథనాల్ కలిపిన పెట్రోలుకి ఈ 14.7 అంకె కొంచెం తగ్గుతుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి బయటి గాలి అంతగా అక్కర్లేదు. కానీ ఏ ఇంధనమైనా సరిపడా గాలి అందితే లాంబ్డా 1 అనే అంటారు. అందుకే టెస్ట్ రిపోర్టుల్లో కిలోల లెక్క కనిపించదు, లాంబ్డా కనిపిస్తుంది.

అయిదు వాయువులు, అయిదు రకాల సాక్ష్యం

కార్బన్ మోనాక్సైడ్ అంటే సగం కాలిన పెట్రోలు. మంట అంటుకుంది, కానీ చివరిదాకా కాలడానికి గాలి చాలలేదు. కాబట్టి ఇది ఎక్కువగా ఉంటే మిక్చర్ రిచ్‌గా ఉందనే మొదట అనుకోవాలి. దీనికి రంగు లేదు, వాసన లేదు, మనిషిని చంపేంత విషం. మూసి ఉన్న షెడ్డులో ఇంజిన్ ఆన్‌లో పెట్టి పనిచేయకూడదనేది దీని వల్లే.

హైడ్రోకార్బన్లు అంటే అసలు కాలని పెట్రోలు. సైలెన్సర్ దగ్గర నిలబడితే పచ్చి పెట్రోలు వాసన వచ్చి కళ్ళు మండుతున్నాయంటే ఇవే. ఈ రెండింటి తేడా పట్టుకుంటే సగం దారి వచ్చినట్టే. కార్బన్ మోనాక్సైడ్ విషయంలో మంట మొదలై మధ్యలో ఆగింది. హైడ్రోకార్బన్ల విషయంలో మంట ఆ పెట్రోలు దాకా చేరనే లేదు. అంటే స్పార్క్ పడి ఉండకపోవచ్చు, కంప్రెషన్ లేకపోవచ్చు, లేదా మిక్చర్ మరీ పలచనై అంటుకోకపోయి ఉండవచ్చు. మెకానిక్కులు ‘ఇంజిన్ మిస్ కొడుతోంది’ అనేది ఈ స్థితినే.

కొలతలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కార్బన్ మోనాక్సైడ్‌ని శాతాల్లో, హైడ్రోకార్బన్లని పీపీఎంలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని అని, రాస్తారు. 10,000 పీపీఎం కలిస్తే 1 శాతం. 200 పీపీఎం అంటే పెద్ద అంకెలా కనిపిస్తుంది గానీ అది 0.02 శాతమే.

కార్బన్ డయాక్సైడ్‌కి చాలా టెస్టుల్లో పరిమితి ఉండదు, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ అది మంట ఎంత బాగా జరిగిందో చెప్పే మార్కుల్లాంటిది. ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజిన్‌లో సాధారణంగా 13 నుంచి 15 శాతం దాకా ఉంటుంది. బాగా తగ్గిందంటే మంట సరిగా లేదు, లేదా బయటి గాలి ఎక్కడో కలుస్తోంది. ఆక్సిజన్ ఎక్కువగా మిగిలితే మిక్చర్ లీన్, లేదా ఏదో సిలిండర్ మిస్ కొడుతోంది, లేదా సైలెన్సర్ పైపులో చిల్లు ఉంది.

అయిదోది నైట్రోజన్ ఆక్సైడ్లు. సిలిండర్‌లో వేడి సుమారు 1,370 డిగ్రీల సెల్సియస్ దాటితే గాలిలోని నైట్రోజన్ కూడా ఆక్సిజన్‌తో కలవడం జోరందుకుంటుంది. నిలబడి ఉన్న బండిలో ఇవి చాలా తక్కువగా పుడతాయి కాబట్టి దీన్ని కొలవాలంటే చక్రాలను రోలర్ల మీద పెట్టి ఇంజిన్ మీద బరువు వేయాలి.

కన్వర్టర్ చేసే పని, దాచిపెట్టే రోగం

సైలెన్సర్ కంటే ముందు, ఇంజిన్‌కి దగ్గరలో ఉండే డబ్బా కేటలిటిక్ కన్వర్టర్. లోపల తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మ, దాని గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పలచని పూత ఉంటాయి. 1975 ప్రాంతంలో అమెరికా కార్లలో విస్తృతంగా వచ్చిన తొలి కన్వర్టర్లు కార్బన్ మోనాక్సైడ్‌ని, హైడ్రోకార్బన్లని మాత్రమే కాల్చేవి. తర్వాత వచ్చిన త్రీ వే కన్వర్టర్ నైట్రోజన్ ఆక్సైడ్లని కూడా విడగొడుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మొదటి రెండింటిని కాల్చడానికి ఆక్సిజన్ కావాలి. మూడోదాన్ని విడగొట్టడానికి ఆక్సిజన్ తక్కువగా ఉండాలి. రెండు పనులూ ఒకేసారి జరిగేది లాంబ్డా 1కి అటూ ఇటూ చాలా ఇరుకైన చోట మాత్రమే. మిక్చర్‌ని ఆ ఇరుకులో నిలబెట్టడానికే ఆక్సిజన్ సెన్సర్ పుట్టింది. బాష్ కంపెనీ తయారు చేసిన సెన్సర్ 1976లో వోల్వో కార్లలో మొదటిసారి వచ్చింది.

కన్వర్టర్ వేడెక్కనిదే పని మొదలుపెట్టదు. దానికి కనీసం 250 నుంచి 300 డిగ్రీల వేడి కావాలి. అందుకే ఒక్కోసారి బండిలో ఏ లోపమూ లేకుండానే ఫెయిలవుతుంది. ఇంటి నుంచి టెస్ట్ సెంటర్ రెండు నిమిషాల దూరం, అక్కడ క్యూలో ఇరవై నిమిషాలు ఐడిలింగ్‌లో నిలబడడం, ఈలోపు కన్వర్టర్ చల్లబడడం. కొలిచే యంత్రానికి ఇవేవీ తెలియవు.

ఇంకో ముఖ్యమైన సంగతి, మంచి కన్వర్టర్ ఇంజిన్ రోగాన్ని కొన్నేళ్ళపాటు దాచిపెట్టగలదు. ఇంజిన్ కొంచెం కొంచెంగా పాడవుతూ ఉంటే వెనక కన్వర్టర్ ఆ మురికిని శుభ్రం చేస్తూనే ఉంటుంది, టెస్ట్ పాసవుతూనే ఉంటుంది. ఒక ఏడాది అది అలసిపోతుంది. ‘నిరుటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి ఫెయిలైంది’ అని చాలామంది అనడానికి కారణం ఇదే. ఉన్నట్టుండి జరిగింది ఫెయిలవడమే. లోపం పాతదే.

ఆక్సిజన్ సెన్సర్‌కి పెట్రోలు కనపడదు

కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్ పెట్రోలు కొలిచి పోసే ఇంజెక్షన్ కార్లలో ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే, అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

సెన్సర్ కొలిచేది ఆక్సిజన్‌ని మాత్రమే. మామూలు రకం జిర్కోనియా సెన్సర్ మిక్చర్ రిచ్‌గా ఉంటే సుమారు 0.9 వోల్టులు, లీన్‌గా ఉంటే సుమారు 0.1 వోల్టు ఇస్తుంది. ఇంజిన్ కంప్యూటర్ దాన్ని చూసి పెట్రోలు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది.

ఇప్పుడు ఒక సిలిండర్‌లో స్పార్క్ పడలేదనుకోండి. ఆ సిలిండర్‌లోని పెట్రోలూ, గాలీ కాలకుండా అలాగే బయటికి వస్తాయి. సెన్సర్‌కి కనిపించేది ఆ గాలిలోని ఆక్సిజన్. ‘మిక్చర్ లీన్’ అని కంప్యూటర్‌కి చెబుతుంది. కంప్యూటర్ అన్ని సిలిండర్లకీ పెట్రోలు పెంచుతుంది. పనిచేస్తున్న మూడు సిలిండర్లు ఇప్పుడు నిజంగా రిచ్ అవుతాయి, పనిచేయని దాంట్లోంచి ఇంకా ఎక్కువ పచ్చి పెట్రోలు వస్తుంది. ఆ పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండుతుంది. వేడికి పింగాణీ దిమ్మ కరిగిపోయే దాకా వస్తుంది. మొదలైంది స్పార్క్ పుట్టించే కాయిల్ ఒకటి పాడవడంతో, చివరికి పోయింది కన్వర్టర్.

ఇంజిన్‌కి పొగ గొట్టాన్ని బిగించే చోట ఉండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ కాలిపోయినా ఇదే మోసం జరుగుతుంది. ఎగ్జాస్ట్ వాయువులు ధారగా రావు, దెబ్బ దెబ్బగా వస్తాయి. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య పైపులో ఒత్తిడి పడిపోయి చీలికలోంచి బయటి గాలి లోపలికి పీలుస్తుంది. సెన్సర్‌కి మళ్ళీ అదే భ్రమ, కంప్యూటర్ మళ్ళీ పెట్రోలు పెంచడం. ఇలాంటి చీలిక చల్లటి ఇంజిన్‌లో టిక్ టిక్ మని వినిపించి, ఇంజిన్ వేడెక్కి లోహం సాగాక మాయమైపోతుంది. అందుకే వేడి బండిని చూసే మెకానిక్‌కి అది దొరకదు.

ఈ మోసాన్ని పట్టే ఉపాయం కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్‌లో ఉంది. ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె కంప్యూటర్ మామూలుకంటే ఎంత పెట్రోలు పెంచిందో, తగ్గించిందో శాతంలో చూపిస్తుంది. ట్రిమ్ ప్లస్ 18 అంటే ‘మిక్చర్ లీన్‌గా ఉంది, 18 శాతం ఎక్కువ పోస్తున్నాను’ అని కంప్యూటర్ అంటోందన్నమాట. అదే సమయంలో టెస్ట్ రిపోర్టులో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉండి, సైలెన్సర్ చివర వేలు పెడితే నల్లటి మసి అంటుకుంటే? ఇద్దరు సాక్షులు ఒకరికొకరు విరుద్ధంగా చెబుతున్నారు. అప్పుడు సెన్సర్‌ని ఏదో మోసం చేస్తోందని అర్థం. ట్రిమ్ మైనస్‌లో ఉండి కార్బన్ మోనాక్సైడ్ కూడా ఎక్కువగా ఉంటే సెన్సర్ నిజమే చెబుతోంది, పెట్రోలే ఎక్కడినుంచో ఎక్కువగా వచ్చిపడుతోంది.

మూడు రిపోర్టులు చదివి చూద్దాం

కింది అంకెలు ఉదాహరణ కోసం నేను వేసినవి. లాంబ్డా మాత్రం మిగతా నాలుగు వాయువుల నుంచి లెక్కగట్టిందే. టెస్ట్ యంత్రాలు కూడా సాధారణంగా అలాగే లెక్కిస్తాయి. ఆ సూత్రం బ్రెట్‌ష్నైడర్ పేరు మీద ఉంది. దాని గొప్పదనం ఏమిటంటే కన్వర్టర్ వాయువుల రూపం మారుస్తుందే గానీ మొత్తం ఆక్సిజన్ లెక్క మార్చదు. కాబట్టి పైపులో చిల్లు లేకపోతే గొట్టం చివర కొలిచిన లాంబ్డా ఇంజిన్‌లో ఉన్న లాంబ్డాయే.

పోలికకి ఒక గీత కావాలి కదా. కన్వర్టర్ ఉన్న పెట్రోలు కార్లకి బ్రిటన్‌లో సాధారణంగా వాడే పరిమితులు తీసుకుందాం. ఇంజిన్‌ని 2,500 ఆర్‌పీఎం దగ్గర రేజ్ చేసి ఉంచినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. లాంబ్డా 0.97కీ 1.03కీ మధ్య ఉండాలి.

మొదటి కారు ఇంజెక్షన్‌ది. కార్బన్ మోనాక్సైడ్ 2.4 శాతం, హైడ్రోకార్బన్లు 180 పీపీఎం, కార్బన్ డయాక్సైడ్ 13.2, ఆక్సిజన్ 0.2, లాంబ్డా 0.93. ఆక్సిజన్ దాదాపు అయిపోయింది, సగం కాలిన పెట్రోలు మిగిలిపోయింది. ఇది శుద్ధమైన రిచ్ మిక్చర్. కొత్త కన్వర్టర్ వేసినా పాస్ కాదు, ఎందుకంటే కాల్చడానికి దానికి ఆక్సిజనే లేదు. మరి పెట్రోలు ఎక్కడినుంచి వస్తోంది? ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ లోపలి పొర చిరిగితే దాని వాక్యూమ్ పైపు గుండా పెట్రోలు నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. ఆ పైపు ఊడదీస్తే చివర పెట్రోలు చుక్క కనిపిస్తుంది. ఇంజెక్టర్ కారుతూ ఉండవచ్చు. పెట్రోలు ఆవిర్లని పట్టే కానిస్టర్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోవచ్చు. చాలామందికి తట్టని కారణం థర్మోస్టాట్. అది తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజిన్ ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పాతకాలపు చోక్ లాగినట్టు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఎంత దూరం నడిపినా టెంపరేచర్ ముల్లు కిందనే ఉండడం దీని గుర్తు.

రెండో ఉదాహరణకి సెన్సర్, కన్వర్టర్ రెండూ లేని రెండు కార్బ్యురేటర్ బండ్లు. రెండింటిలోనూ హైడ్రోకార్బన్లు 900 పీపీఎం. ఒకదానిలో కార్బన్ మోనాక్సైడ్ 0.3, కార్బన్ డయాక్సైడ్ 14.0, ఆక్సిజన్ 0.9, లాంబ్డా 1.00. మరోదానిలో కార్బన్ మోనాక్సైడ్ 0.2, కార్బన్ డయాక్సైడ్ 12.8, ఆక్సిజన్ 2.5, లాంబ్డా 1.08. లోపం పేరు ఒకటే, కాలని పెట్రోలు. కానీ మొదటి బండిలో గాలీ పెట్రోలూ సరైన పాళ్ళలోనే వెళ్ళాయి, అంటించేవాళ్ళే లేరు. ప్లగ్, వైరు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, లేదా మూసుకోని వాల్వ్ చూడాలి. రెండో బండిలో గాలి అదనంగా వచ్చిపడుతోంది. మిక్చర్ పలచనై స్పార్క్ పడినా అంటుకోవడం లేదు.

నా కారు ఆ రెండో బండి లాంటిదే. రిపోర్టులో ఆక్సిజన్ ఎక్కువని స్పష్టంగా ఉంది, మేమిద్దరం ప్లగ్గుల చుట్టూ తిరిగాం. చివరికి దొరికింది కార్బ్యురేటర్ కింద నుంచి బ్రేక్ బూస్టర్‌కి వెళ్ళే రబ్బరు పైపు. పైకి చూస్తే నల్లగా, గట్టిగా, బాగానే ఉంది. బొటనవేలితో నొక్కి వంచితే అడుగు వైపు గోటి పొడవున చీలిక నోరు తెరిచింది. దానిమీద వేలు పెట్టగానే ఇంజిన్ శబ్దం మారిపోయింది. అప్పటిదాకా తడబడుతున్న ఐడిలింగ్ ఒక్కసారి నిలకడగా అయింది. పాత కారులో రబ్బరు ఎండి పగలడం ఎంత మామూలో, దాన్ని చూడకుండా వదిలేయడం కూడా అంతే మామూలు.

మూడో కారు మళ్ళీ ఇంజెక్షన్‌దే. కార్బన్ మోనాక్సైడ్ 0.6, హైడ్రోకార్బన్లు 160, కార్బన్ డయాక్సైడ్ 14.4, ఆక్సిజన్ 0.5, లాంబ్డా 1.00. ఇక్కడ మిక్చర్ లెక్క కచ్చితంగా సరిపోయింది. అయినా కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ రెండూ పక్కపక్కనే మిగిలిపోయాయి. కలిసి కార్బన్ డయాక్సైడ్ కావాల్సినవి కాలేదు. వాటిని కలపాల్సిన పని ఎవరిది? కన్వర్టర్‌ది. అది చల్లగా ఉందో, చచ్చిపోయిందో, లోపలి దిమ్మ ముక్కలై వాయువులు పక్కనుంచి తప్పించుకుంటున్నాయో తేల్చాలి. బాగా నడిపి వేడెక్కించాక కూడా ఇవే అంకెలు వస్తే చల్లదనం కారణం కాదు. డబ్బాని చేత్తో తడితే లోపల గలగలమంటే దిమ్మ పగిలిందనే. సెన్సర్‌కి ముందు పైపులో చిన్న చీలిక ఉన్నా దాదాపు ఇలాంటి అంకెలే వచ్చే అవకాశం ఉంది, కాబట్టి కన్వర్టర్‌ని దోషి అనే ముందు గాస్కెట్లు చూడడం న్యాయం.

కన్వర్టర్ మార్చాలా, కారణం వెతకాలా: రెండు వాదనలు

మూడో కారు ముందు నిలబడి ఇద్దరు అనుభవజ్ఞులు రెండు మాటలు చెబుతారు. ఒకరి వాదన ఇది: కన్వర్టర్‌కీ ఒక ఆయుష్షు ఉంది. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండిలో అది అరిగిపోవడానికి ప్రత్యేక కారణం అక్కర్లేదు. వేడికి ఆ లోహపు పూతలోని రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పనిచేసే ఉపరితలం ఏటేటా తగ్గుతుంది. మార్చేస్తే పని అయిపోతుంది. ఇందులో అబద్ధం లేదు.

ఇంకొకరి వాదన: కన్వర్టర్ అరిగిపోవడం కంటే చంపబడడమే ఎక్కువ. మిస్ కొట్టిన సిలిండర్ దాన్ని కరిగిస్తుంది. ఆయిల్ తాగే ఇంజిన్ నుంచి, ఇంజిన్ ఆయిల్‌లోని ఫాస్ఫరస్ వచ్చి పూత మీద పేరుకుంటుంది. సీసం కలిసిన పెట్రోలైతే దాన్ని పూర్తిగా పాడుచేస్తుంది. హంతకుడిని వదిలేసి కొత్త కన్వర్టర్ వేస్తే అదీ కొన్నాళ్ళకి అలాగే పోతుంది.

నేను రెండో వైపే మొగ్గుతాను, ఒక చిన్న కారణంతో. మొదటి వాదన నిజమైనప్పుడు ఇంజిన్ తనిఖీ చేయడం వల్ల నష్టపోయేది కొద్ది సమయమే. రెండో వాదన నిజమైనప్పుడు తనిఖీ చేయకపోతే బండిలో అత్యంత ఖరీదైన భాగాల్లో ఒకటి రెండుసార్లు కొనాల్సి వస్తుంది. కొత్తది కొనేటప్పుడు కూడా అన్ని కన్వర్టర్లూ సమానం కావు. చవక రకాల్లో విలువైన లోహం తక్కువగా ఉంటుంది, కాబట్టి కొత్తలో పాసైనా తొందరగా నీరసిస్తాయి.

ట్యాంకులో పోసే మందుల మీద కూడా ఇలాంటి తగాదాయే ఉంది. ఇంజెక్టర్ చివర పేరుకున్న పొరని కొన్ని డిటర్జెంట్ మందులు కరిగించగలవు, దానివల్ల హైడ్రోకార్బన్లు కొంత తగ్గవచ్చు. హైవే మీద అరగంట గట్టిగా నడిపితే కన్వర్టర్ వేడెక్కి, మసి కొంత కాలిపోయి పాసైన బండ్లూ ఉన్నాయి. అయితే ఇవి పరిమితికి కొద్దిగా అటుగా ఉన్న బండిని ఇటు తేగలవు. మొదటి కారులా 0.2 ఉండాల్సిన చోట 2.4 ఉంటే ఏ సీసా మందూ చిరిగిన పొరని కుట్టలేదు. ఆయిల్ మార్చడం మాత్రం చాలామంది అనుకునే దానికంటే ఎక్కువ పనిచేస్తుంది. చిన్న చిన్న ప్రయాణాలు చేసే పాత బండిలో పెట్రోలు కొంత ఆయిల్‌లో కలిసిపోతుంది. ఇంజిన్ వేడెక్కాక అది ఆవిరై, ఇంజిన్ లోపలి ఆవిర్లని తిరిగి పంపే పీసీవీ వాల్వ్ గుండా మళ్ళీ ఇంజిన్‌లోకే చేరి మిక్చర్‌ని రిచ్ చేస్తుంది.

ఒకటి దిద్దితే ఇంకొకటి పెరిగే చిక్కు

రోలర్ల మీద నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా కొలిచే చోట ఇంకో మెలిక ఉంది. రిచ్‌గా ఉన్న బండిని సరిచేస్తే కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది, మంట వేడి పెరుగుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పైకి లేస్తాయి. మొదటిసారి ఒక కారణంతో ఫెయిలైన బండి, రిపేరు తర్వాత ఇంకో కారణంతో ఫెయిలవుతుంది. మెకానిక్ పాడుచేశాడని అనుమానం రావడం సహజం, కానీ ఎక్కువసార్లు అది ముందునుంచీ ఉన్న లోపమే. అదనపు పెట్రోలు ఆ మంటని చల్లారుస్తూ దాన్ని కప్పి ఉంచింది.

మంటని చల్లబరచడానికి బండిలో ఉండే అసలు ఏర్పాటు ఈజీఆర్ వాల్వ్. కాలిన వాయువుల్లో కొంత భాగాన్ని తిరిగి సిలిండర్‌లోకి పంపి వేడిని తగ్గిస్తుంది. పాత బండ్లలో దాని దారి మసితో పూడుకుపోతుంది. సిలిండర్ లోపల కార్బన్ పేరుకున్నా, కూలింగ్ సరిగా లేకపోయినా, స్పార్క్ టైమింగ్ ముందుకి జరిగినా ఇదే ఫలితం.

డీజిల్ బండ్ల లెక్క వేరు. అక్కడ కొలిచేది ప్రధానంగా పొగ ఎంత చిక్కగా ఉందో. ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి వదులుతూ పొగలోంచి కాంతి ఎంత దాటుతుందో చూస్తారు. నల్ల పొగ అంటే గాలికి మించిన డీజిల్: మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపులో లీకు, అరిగిన ఇంజెక్టర్. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది.

లైట్ వెలగకపోయినా ఫెయిలయ్యే బండ్లు

స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టు ఉన్న కార్లకి కొన్ని చోట్ల సైలెన్సర్ గొట్టంలో కొలిచే గొట్టం పెట్టరు, కంప్యూటర్‌నే అడుగుతారు. అమెరికాలో 1996 నుంచి ఓబీడీ 2 తప్పనిసరి అయింది. యూరప్‌లో పెట్రోలు కార్లకి 2001 నుంచి ఇలాంటిదే వచ్చింది. కన్వర్టర్ వెనక రెండో ఆక్సిజన్ సెన్సర్ పెట్టి దాని సామర్థ్యాన్ని బండే కనిపెడుతూ ఉంటుంది. వెనక సెన్సర్ వోల్టేజి కూడా ముందు సెన్సర్‌దిలాగే ఎగిరి పడుతుంటే కన్వర్టర్ ఆక్సిజన్‌ని నిల్వ చేయలేకపోతోందని అర్థం. అప్పుడు వచ్చేదే పీ 0420 అనే లోపం కోడ్.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటి ఉంది. టెస్టుకి ముందు రోజు రాత్రి స్కానర్‌తో కోడ్‌లు చెరిపేస్తారు, లేదా బ్యాటరీ తీసి పెడతారు. చెక్ ఇంజిన్ లైట్ ఆరిపోతుంది. కానీ దాంతోపాటు కంప్యూటర్ తన తనిఖీల ఫలితాలన్నీ మరిచిపోతుంది. వాటిని రెడీనెస్ మానిటర్లు అంటారు. అవి మళ్ళీ పూర్తి కావాలంటే చల్లటి స్టార్టు, కొంతసేపు ఐడిలింగ్, నిలకడైన వేగంతో ప్రయాణం, ఇలా రకరకాల పరిస్థితులు కలిసి రావాలి. అందుకు కొన్ని రోజులు కూడా పట్టవచ్చు. పూర్తికాని మానిటర్లు ఎక్కువ ఉంటే టెస్ట్ సెంటర్ బండిని తిప్పి పంపుతుంది. లోపం నిజంగా బాగుచేసుకున్న మనిషి కూడా ఈ ఒక్క కారణంతో వెనక్కి వచ్చి టెన్షన్ పడుతుంటాడు.

పాత బండికి ఈ టెస్ట్ న్యాయమైనదేనా

పాత కార్ల యజమానులు అడిగే ప్రశ్నలో న్యాయముంది. నిలబెట్టి చేసే టెస్ట్ శాతాన్ని కొలుస్తుంది, పరిమాణాన్ని కాదు. నెలకి రెండుసార్లు తీసే చిన్న కారు, రోజంతా తిరిగే పెద్ద కారు ఒకే శాతం చూపిస్తే ఒకే గీత దగ్గర నిలబడతాయి. పైగా నైట్రోజన్ ఆక్సైడ్ల మాటే రాదు. అవతలి వాదన కూడా బలంగానే ఉంది. కన్వర్టర్ చచ్చిపోయి మిస్ కొడుతున్న ఒక్క బండి, బాగున్న ఎన్నో బండ్ల పొగకి సమానంగా కక్కగలదు. అలాంటిదాన్ని పట్టుకోవడానికి రోలర్లూ గంటల పరీక్షలూ అక్కర్లేదు, అయిదు నిమిషాల టెస్ట్ చాలు. తయారైన సంవత్సరాన్ని బట్టి పరిమితులు వేరుగా పెట్టడం ఈ రెండింటి మధ్య రాజీ. కాబట్టి రిపోర్టులో మన బండికి వేసిన గీత దాని తయారీ సంవత్సరానికి చెందినదేనా అని చూసుకోవడం అవసరం. కన్వర్టర్ లేకుండానే తయారైన బండిని పొరపాటున కన్వర్టర్ ఉన్న బండి పరిమితితో కొలిస్తే అది ఎంత ఆరోగ్యంగా ఉన్నా దాటలేదు.

రిపేరు తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన

మొదటి కారు దగ్గరికి ఒకసారి తిరిగి వెళ్దాం. రెగ్యులేటర్ మార్చారు, మళ్ళీ టెస్ట్ చేయించారు. కార్బన్ మోనాక్సైడ్ 2.4 నుంచి 0.1కి దిగింది. లాంబ్డా 1.00. పాస్. కానీ హైడ్రోకార్బన్లు 180 నుంచి 170కి మాత్రమే తగ్గాయనుకోండి. రిచ్ మిక్చర్ పోయి, కన్వర్టర్‌కి ఆక్సిజన్ అందిన తర్వాత కూడా కాలని పెట్రోలు అంతే వస్తోందంటే దానికి వేరే మూలం ఉంది. ఏదో ఒక సిలిండర్ అప్పుడప్పుడు తడబడుతోంది, లేదా నెలల తరబడి వచ్చిపడిన పెట్రోలు కన్వర్టర్‌ని సగం చంపేసింది. ఇప్పుడు ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా పెట్టి చూస్తే సంగతి బయటపడుతుంది. మూడింటి కొన లేత గోధుమ రంగులో పొడిగా ఉండి, నాలుగోది తడిగా నల్లగా ఉంటే వెతకాల్సిన సిలిండర్ అదే.